కుక్కర్ కూయని ఇల్లు

నాకు బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ఇష్టం లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. బంతి తగిలి వేళ్లు వాచేవి. మోకాళ్లు చెక్కుకుపోయేవి. ఎవరైనా చూస్తున్నారేమోనని ఒళ్లంతా ముడుచుకుపోయేది. అయినా నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చి, "ఏటే గుంటా, ఎల్దామా?" అంటే చాలు, చేతిలో పుస్తకం బోర్లించి లేచి వెళ్లిపోయేదాన్ని.

మొన్న సాయంత్రం మా సందులో ఒకాయన గోడకు ప్లాస్టిక్ రింగు తగిలించి తన కూతురితో ఆడుతున్నాడు. నాన్న పోయాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి నెహ్రూ నగర్‌లో అద్దెకు వచ్చాం కాబట్టి ఆయనెవరో నాకు తెలియదు. కూరగాయల సంచీతో గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆ పాప కుడివైపు వెళ్లబోతున్నట్టు వంగి, తటాలున ఎడమవైపు దూరి బంతి వేసేసింది. తండ్రి ఓడిపోయి చప్పట్లు కొట్టాడు. ఆట అంటే అదే కదా, ఎటు వెళ్తామో ఎదుటి మనిషికి తెలియనివ్వకపోవడం. నాన్న నాకు నేర్పిన ఆటలో మాత్రం ఎటు వెళ్తానో ముందే చెప్పాలి. అదీ గట్టిగా చెప్పాలి.

నాన్న గూడ్సు బండ్లు నడిపేవాడు. కాగితాల్లో లోకో పైలట్, ఇంట్లో డ్రైవరు. ఇంజిన్లో డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరుంటారు. దూరంగా సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాలి. రెండో మనిషి తన కళ్లతో తను చూసుకుని, అదే మాట తిరిగి చెప్పాలి. దీన్ని వాళ్లు సిగ్నల్ పిలవడం అంటారు. ఒకరు పిలిచి, రెండోవారు తిరిగి పిలవకపోతే ఆ సిగ్నల్ చూసినట్టు కాదు. బొగ్గు బండి దిగి, కనుబొమల్లో నల్లటి పొడితో ఇంటికొచ్చే నాన్న ఈ అలవాటును మాత్రం ఇంజిన్లో దింపి రాలేకపోయేవాడు.

స్కూటర్ మీద వెనక నన్నో అమ్మనో కూర్చోబెట్టుకుని బజారుకు బయల్దేరితే, "ముందు ఆవు" అనేవాడు చెయ్యి చాపి. నేను వెనకనుంచి "ముందు ఆవు" అనాలి. "కుడి పక్క ఆటో." "కుడి పక్క ఆటో." అనకపోతే స్కూటర్ నెమ్మది చేసేసేవాడు. అమ్మకు తల కొట్టేసినట్టుండేది.

"ఓలమ్మో, ఆవు కూడా సిగ్నలేనేటండీ మీకు?"

"ఆవే పెద్ద సిగ్నలు. దానికి రంగు మారదు."

పక్క స్కూటరు వాళ్లు తిరిగి చూస్తే అమ్మ పమిట ముఖం మీదికి లాక్కునేది. నాన్న మాత్రం చూపు దారి మీంచి తీసేవాడు కాదు. పది అడుగుల్లో ఉన్నదాన్ని కూడా మైలు దూరంలో ఉన్నట్టు కళ్లు చిట్లించి చూసేవాడు.

ఆ మనిషి ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కువగా నిద్రపోతూ ఉండేవాడు. రాత్రంతా బండి నడిపి పగలు పడుకోవడం. మళ్లీ ఎప్పుడు ఫోనొస్తుందో, ఎప్పుడు వెళ్లాలో తెలియదు. అందుకని ఆ గది కిటికీ అద్దాలకు అమ్మ నల్ల కాగితం అంటించేసింది. తలుపు గంట పీకించేసింది. మా వీధికొచ్చే కూరగాయల ఆవిడ పక్కింటి దగ్గర కేక వేసి, మా గుమ్మం ముందుకు రాగానే నోరు మూసుకుని బుట్ట చూపించేది. కాలనీ మొత్తం పొద్దున్నే కుక్కర్లు కూసేవి. మా ఇంట్లో పప్పు గిన్నెలోనే ఉడికేది, ఎంతసేపైనా సరే. వింత ఏమిటంటే, ఇంటి వెనక యార్డులో బండ్లు ఎంత కూత పెట్టినా నాన్న కదిలేవాడు కాదు. కుక్కర్ ఒక్కసారి కూస్తే లేచి కూర్చునేవాడు. ఇంకొక దానికి కూడా లేచేవాడు, నా గొంతుకు.

"ష్. నాన్న తొంగున్నాడే." నాకు తెలిసిన మొదటి తెలుగు వాక్యం బహుశా ఇదే. "నాన్నకి నిద్ర సాలకపోతే ఆ బండి ఏటవుతాది? సెప్పు." అమ్మ బెదిరించినట్టు అనేది కాదు, నిజంగానే భయపడేది. దాంతో నేనూ భయపడ్డాను. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. ఏడుపొస్తే పెరట్లోకి వెళ్లేదాన్ని. టీవీ ఉండేది, కానీ చప్పుడు లేకుండా చూడాలి. చప్పుడు లేని టీవీ కన్నా పుస్తకం నయమనిపించింది. ఊళ్లో, బళ్లో అంతా హిందీ కాబట్టి, అమ్మ పాత వారపత్రికలు ముందేసుకుని నాకు తెలుగు అక్షరాలు నేర్పింది, అదీ గుసగుసగా. స్కూల్లో హాజరు పిలిస్తే నా జవాబు టీచరుదాకా వెళ్లేది కాదు. చాలాసార్లు నేను బడికి వెళ్లి కూడా వెళ్లనట్టే లెక్క.

ఒకరోజు వంటింట్లో అమ్మ గట్టిగా అనడం విన్నాను. నాన్న అప్పుడే లేచాడు కాబట్టి గట్టిగా మాట్లాడే హక్కు అమ్మకు వచ్చింది. నేను తెర వెనక ఉన్నాను.

"ఆడగుంటని ఎండలో తిప్పి నల్లగా సేసీసినారు. ఎందుకండీ దానికి ఆ బంతాట?"

నాన్న గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఇంట్లో గట్టిగా మాటాడితే నాను లెగిసిపోతానని దాని నోరు నొక్కీసేం. దాని గొంతు ఎలాగుంటాదో నీకు తెలుసేటి? నాకు తెల్దు. ఇంట్లో ఎలాగూ కుదర్దు. బైటైనా అరవనీ."

ఆ తర్వాత కూడా నాకు ఆట ఇష్టం కాలేదు. కానీ మోకాలు చెక్కుకుపోతే ఇంటికొచ్చి అమ్మకు చూపించడం మానేశాను.

ఉద్యోగుల క్లబ్బైన రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో ఒక మూల సిమెంటు కోర్టు ఉండేది. ఒక రింగు ఒరిగిపోయింది, రెండో దానికి వల లేదు. మా బంతి ఇన్‌స్టిట్యూట్ జట్టువాళ్లు ఆడి ఆడి పారేసింది. పైనున్న గరుకంతా అరిగిపోయి నున్నగా మెరిసేది. నాన్న దాన్ని బోడిగుండు అనేవాడు. డ్యూటీకి సామాను పెట్టుకునే లైన్ బాక్సు మోసినట్టే దాన్ని చంకలో ఇరికించుకుని నడిచేవాడు. కోర్టు అంచున గుడిలోకి వెళ్లేముందు లాగా చెప్పులు విప్పేవాడు. ఇంజిన్లో చేతులు తుడుచుకునే నూలు పీచు జేబులోంచి తీసి బంతిని తుడిచేవాడు. తనకూ ఆట రాదు. జట్టువాళ్లు ఆడుతుంటే ఇనుప కంచె ఇవతల నిలబడి చూసి నేర్చుకున్నాడు. బంతిని రెండు చేతులతో గుండెల దగ్గర్నుంచి విసిరేవాడు, బస్తా ఎత్తేసినట్టు.

మా ఆట ఇలా ఉండేది. బంతి నా దగ్గర. నాన్న ఎదురుగా చేతులు చాపుకుని అడ్డం. నేను చూసి, ఏ వైపు ఖాళీగా ఉందో పిలవాలి. "రైట్ గ్రీన్." నాన్న తల తిప్పి ఆ వైపు చూసి, చెయ్యి చాపి, కాలనీ దద్దరిల్లేలా తిరిగి పిలిచేవాడు, "రైట్ గ్రీన్!" అప్పుడు నేను ఆ వైపు కదలాలి. కదిలేసరికి తను అక్కడే ఉండేవాడు. బంతి పోయేది. ఏటేటా అలాగే ఓడిపోయాను. ఆట అంటే ఓడిపోవడమే కాబోలు అనుకున్నాను.

కానీ మొదటిసారి పిలిచినప్పుడు తను ఎప్పుడూ తిరిగి పిలిచేవాడు కాదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, కొంచెం ముందుకు వంగి, "ఏటి? ఇనబడనేదు" అనేవాడు.

"రైట్ గ్రీన్, నాన్నా."

"గట్టిగా."

"రైట్ గ్రీన్!"

"అచ్ఛా. ఇప్పుడు మన బండి కదుల్తాది."

నిజానికి అప్పటికీ నా గొంతు కోర్టు పక్కనున్న చెట్ల దాకా కూడా వెళ్లేది కాదు. అయినా తన ముఖం ఎలా వెలిగేదంటే, ఇనుప కంచె బయట నడిచిపోయేవాళ్లు కూడా ఆగి ఇటు చూసేవాళ్లు. వాళ్లు చూస్తున్నారని నేను బంతి వెనక ముఖం దాచుకునేదాన్ని.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా స్కూలు జట్టుకు ఒకమ్మాయి తక్కువైంది. బంతి పట్టుకోవడం వచ్చు కదా అని నన్ను తీసుకున్నారు. ఇంకో స్కూలుతో పోటీ. నాన్న డ్యూటీ బట్టల్లోనే వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. నాకు ఎదురు నిలబడిన అమ్మాయి కూడా రైల్వే కాలనీదే, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. బంతి నా చేతికొచ్చింది. నేను చూశాను. నాన్న నేర్పినట్టే పిలిచాను, "లెఫ్ట్ గ్రీన్."

నా గొంతు సంగతి చెప్పాను కదా. మా జట్టువాళ్లకు వినబడలేదు, టీచరుకు వినబడలేదు. ఆ అమ్మాయి ఒక్కదానికే వినబడింది. ముందు అర్థంకాక నా ముఖంలోకి చూసింది. రెండోసారి పిలిచేసరికి నవ్వి, ఎడమవైపు తీరిగ్గా వచ్చి బంతి లాక్కుంది. మూడోసారి తన జట్టుకేసి తిరిగి అరిచింది.

"అరే, యే తో సిగ్నల్ బోల్ రహీ హై!"

ఇదేంటి, సిగ్నల్ పిలుస్తోంది అని. వాళ్లందరూ రైల్వే పిల్లలే. విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఆ తర్వాత నేను ఎటు తిరిగినా ఇద్దరేసి చేతులు ఊపుతూ "రెడ్ హై, రెడ్!" అని కేకలు. టీచరు నన్ను బయటికి పిలిచేసింది.

ఇంటికి వెళ్లే దారిలో ఆవులున్నాయి. నాన్న పిలవలేదు. క్వార్టర్ల మలుపు దగ్గర స్కూటర్ ఆపేసి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఈరోజు పిలిసేవా?"

"పిలిచాను."

"నాకు ఇనబడనేదు."

అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ అమ్మాయికి వినబడింది నాన్నా! ఎటు వెళ్తామో ఎవరైనా చెప్పి వెళ్తారా? ఆటలో అది చెప్పకూడదు. అందరికీ తెలుసు. నీకొక్కడికే తెలీదు."

నేను తనతో అంత పెద్ద వాక్యాలు మాట్లాడడం అదే మొదలు. కానీ తను దానికి సంతోషించే స్థితిలో లేడు. హ్యాండిల్ మీద చేతులు చూసుకున్నాడు.

"అవును గదా," అన్నాడు. "మా బండిలో సెప్పకపోతే సస్తారు. ఆటలో సెప్తే సస్తారు. ఇంత సిన్న ముక్క నా బుర్రకి తట్టనేదు సూడు."

మర్నాడు పొద్దున్నే లేచేసరికి వాకిట్లో బోడిగుండుతో నిలబడి ఉన్నాడు. ముఖం ఉబ్బి ఉంది, పడుకున్నట్టు లేడు. "రా. ఈరోజు ఏటీ సెప్పకుండా ఆడదాం" అన్నాడు.

ఆడాం. కోర్టు మీద అరికాళ్ల చప్పుడు, బంతి చప్పుడు, అంతే. కుడికని వంగి ఎడమకు దూరాను. నాన్న కుడివైపే ఉండిపోయాడు. బంతి రింగులో పడింది. మళ్లీ దూరాను, మళ్లీ పడింది. తను ప్రతిసారీ నేను లేని వైపు చేతులు చాపి నిలబడుతున్నాడు. ఎదురుగా వచ్చే సిగ్నల్ రంగు ఎవరూ చెప్పని మనిషిలాగా నా పెదాల వంకే చూస్తున్నాడు. "బాగుంది, బాగుంది" అంటున్నాడు కానీ ఆయాసపడుతున్నాడు. నేను గెలుస్తున్నాను. అంత దిగులుగా నేను ఇంకెప్పుడూ ఏదీ గెలవలేదు.

బంతి ఆపి రెండు చేతులతో పట్టుకున్నాను.

"రైట్ గ్రీన్," అన్నాను.

తను తల వంచి, చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఏటి?"

"రైట్ గ్రీన్, నాన్నా!"

"రైట్ గ్రీన్!" మైదానమంతా పిలిచాడు. కుడివైపు వెళ్లాను. ఉన్నాడు. బంతి లాగేసుకున్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఎన్నేళ్లు ఆడినా చెప్పకుండా ఆడలేదు. స్కూలు జట్టులోకి నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

చదువయ్యాక ఒక కాలేజీ లైబ్రరీలో పని దొరికింది. చెప్పగానే నాన్న నవ్వీ నవ్వనట్టు, "ఓర్నీ, ఊరంతా గాలించి మాటాడక్కర్నేని సోటే ఎతుక్కున్నావేటి!" అన్నాడు. తర్వాత అమ్మకు వినబడకుండా నన్నడిగాడు, "అక్కడ ఎవలైనా కసిరితే, సెప్పగలవా? గట్టిగా?" చెప్పగలనన్నాను. "ఇనబడనేదు" అన్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ఉన్నాడు.

నాన్న పోయిన పదకొండో రోజున ఇంటికి ఒకామె వచ్చింది. ఆఖరి ఏడాది నాన్న బండిలో అసిస్టెంటుగా చేసిన అమ్మాయి. కోటా దగ్గర పల్లె వాళ్లది. నాకన్నా కాస్త పెద్దదేమో. చెప్పులు బయట విడిచి, ఫొటోకు దణ్ణం పెట్టి, చాలాసేపు కూర్చుంది. తను కొత్తగా చేరినప్పుడు సిగ్నల్ పిలవడానికి సిగ్గుపడేదట. మగవాళ్ల మధ్య గొంతు పెగిలేది కాదట. అప్పుడు నాన్న చెప్పేవాడట.

"సాబ్ బోల్తే థే, మేరీ బేటీ సే సీఖో. వో బోల్తీ హై తో పూరీ కాలనీ సున్తీ హై."

నా కూతుర్ని చూసి నేర్చుకో, అది పిలిస్తే కాలనీ అంతటికీ వినబడుతుంది అని. ఎన్నోసార్లు చెప్పాడట. ఆ మాట పట్టుకునే తను గట్టిగా పిలవడం నేర్చుకుందట. ఇవాళ ఆ గొంతును చూడాలని కూడా వచ్చిందట.

నేను టీ ఇస్తూ ఏదో అన్నాను. "జీ?" అంది. మళ్లీ అన్నాను. మళ్లీ "జీ?" అంది. తర్వాత నా భుజం మీదుగా లోపలి గది వైపు చూసి అడిగింది.

"ఆప్ కీ బహన్ ఘర్ పర్ నహీఁ హై?"

మీ అక్కో చెల్లెలో ఇంట్లో లేదా అని. నేనొక్కదాన్నేనని అమ్మ చెప్పింది. ఆమె నా వంక చూసి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తల దించుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఇంజిన్లో, ఆ హోరులో, ఎవరూ వెళ్లి చూడలేని చోట, నాకు నాన్న ఒక గొంతు పెట్టి ఉంచాడు. ఇన్నేళ్లూ అది అక్కడ కాలనీ అంతటికీ వినబడుతూనే ఉంది.

నిజానికి ఒక్కసారి అరిచాను. అది ఆసుపత్రిలో. నాన్నను గుండెనొప్పితో చేర్చిన తర్వాత, ఒక మధ్యాహ్నం. నర్సు పరుగెత్తుకొచ్చి, "యే హాస్పిటల్ హై, ధీరే బోలియే" అని, మెల్లగా మాట్లాడమని కసిరింది. అరిచానని ఎవరైనా నన్ను తిట్టడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు. టీ తెస్తున్న అమ్మ మెట్ల మీదే ఆగిపోయిందట, అది ఎవరి గొంతో తెలియక. నేనన్నది పెద్ద మాటేమీ కాదు. నాన్నా, నేనొచ్చాను, ఇక్కడే ఉన్నాను. అంతే. అప్పటికి నాన్న మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తిరిగి పిలవలేదు. సాయంత్రానికి పోయాడు. విన్నాడో లేదో నాకు తెలియదు.

అరవకముందు జరిగింది ఇది. లోపలికి ఒక్కొక్కరినే వెళ్లనిస్తున్నారు. నా వంతు వచ్చింది. నాన్న పడుకుని ఉన్నాడు. చేతికి గొట్టం, ఛాతీ మీద తీగలు, పక్కన ఏదో యంత్రం ఆగి ఆగి చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడుకు తను కదలడం లేదు. కిటికీకి తెర వేసి ఉంది. నాకు తెలిసిన గదే అది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేశాను. మునివేళ్ల మీద నడిచి మంచం దాకా వెళ్లాను. కుర్చీ జరిపితే చప్పుడవుతుందని నిలబడే ఉన్నాను. తను లేచేలోపల చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోవాలి, లేపకూడదు. వంగి, చెవి దగ్గర, పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. నాన్నా, నేనొచ్చాను.

కనురెప్పలు కదిలాయి. బండి కూతకు లేవని మనిషి లేచాడు. నన్ను చూశాడు. దూరాన ఉన్నదాన్ని చూసినట్టు కళ్లు చిట్లించాడు. గొట్టమున్న చెయ్యి మెల్లగా పైకెత్తబోయాడు, చెవి దాకా. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏటి? ఇనబడనేదమ్మా. గట్టిగా సెప్పు."